లంక పొగాకు, రొయ్యల ఐస్ పెట్టె, 42 రోజులు: ఇంట్లో చుట్ట ఆకు మగ్గబెట్టిన డైరీ

మా గోదావరి లంకల్లో పండే చుట్ట పొగాకు ఘాటుగా, గొంతు పట్టేసేలా ఉంటుందని అందరూ అంటారు. నా అనుమానం వేరు. ఆకులో లోపం లేదు, దానికి మగ్గే టైం ఇవ్వడం లేదు. క్యూబా, నికరాగువా వాళ్లు నెలల తరబడి ఆకుని కుప్పల్లో మాగబెట్టి, తిరగేసి, మళ్లీ మాగబెట్టి గాని సిగార్ చుట్టరు. మన ఆకునీ అలాగే మగ్గబెడితే రుచి ఎక్కడికి వస్తుందో కొలిచి చూడాలని మొదలుపెట్టిన పని ఇది. పది నెలలు పట్టింది. ఒక కొనుగోలు వృథా, ఒక మండె (మాగడానికి పేర్చిన ఆకు కుప్ప) బూజుపాలు, ఒక పెట్టె గోడ కరిగింది. ఎవరైనా మళ్లీ చేయాలనుకుంటే ఆ మూడూ వాళ్లకి జరక్కూడదని తేదీలతో సహా రాస్తున్నాను.

పొగాకు ఒంటికి చెడుపు చేస్తుంది, అందులో రెండో మాట లేదు. నాకు 44 ఏళ్లు, మామూలుగా నెలకి రెండు చుట్టలకి మించి కాల్చను. అలవాటు లేనివాళ్లు దీనికోసం మొదలుపెట్టొద్దు.

దశ 1: ఆకు కొనడం (మార్చి 24 – ఏప్రిల్ 3)

మొదటి తప్పు ఇక్కడే. సముద్రానికి దగ్గర్లో తెలిసినాయన ఒకరు ఆకు చవగ్గా ఇస్తానంటే 4 కిలోలు తెచ్చేశాను. చూడ్డానికి బాగుంది. వెడల్పాటి ఆకు, ముదురు గోధుమ రంగు. ఇంటికొచ్చాక కాల్చి చూస్తే ఆరిపోతుంది, మళ్లీ అంటిస్తే మళ్లీ ఆరిపోతుంది.

ఆకు కొనేముందు అక్కడికక్కడే చేయాల్సిన పరీక్ష ఇది:

1. ఎండిన ఆకులోంచి ఈనె లేని చోట రెండు సెంటీమీటర్ల వెడల్పు ముక్క చింపాలి.
2. వెలిగించిన అగరుబత్తి కొసని ముక్క మధ్యలో ఆనించి, చిల్లు పడగానే తీసేయాలి. మంట రాకూడదు, నిప్పు మాత్రమే.
3. ఆ నిప్పు అంచు ఎన్ని సెకన్లు పాకుతుందో లెక్కపెట్టాలి.
4. కనీసం ఐదు ఆకులకి చేసి సగటు తీయాలి.

నేను తెచ్చిన ఆకు సగటు 4 సెకన్లు. ఆ చేనుకి తడి పెట్టిన బోరు నీళ్లు నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉన్నాయని తర్వాత తెలిసింది. ఆకులో క్లోరైడు ఎక్కువైతే కాలదు, పొటాషియం ఉంటే నిప్పు నిలుస్తుంది. సముద్రం వైపు దిగేకొద్దీ భూమిలో నీరు ఉప్పెక్కే డెల్టా మనది కాబట్టి ఈ పరీక్ష మనకి మరీ అవసరం.

ఏప్రిల్ 3న రాజమండ్రికి ఎగువ లంకలో పండిన ఆకు 8 కిలోలు తెచ్చాను. ఏటా వరద వదిలి వెళ్లే ఒండ్రులో, వరద తీశాక నాటిన పంట. తాటాకు పాకలో నీడన ఆరబెట్టారు. ఐదు ఆకుల సగటు 17 సెకన్లు. అడుగాకు 21, కొసాకు 13.

బ్యారన్‌లో, అంటే పొయ్యి వేడితో ఆకు ఆరబెట్టే గదిలో, కాల్చిన పసుపుపచ్చటి వర్జీనియా ఆకు దీనికి పనికిరాదు. అది సిగరెట్ ఆకు, దాని పొగ పులుపు వైపు ఉంటుంది. చుట్ట ఆకు పొగ క్షారం వైపు ఉంటుంది, అందుకే లోపలికి పీల్చకపోయినా నికోటిన్ నోట్లోంచే ఎక్కుతుంది. రెండూ కలిపి మగ్గబెట్టొద్దు.

లెక్క: తప్పు ఆకు 4 కిలోలు 640 రూపాయలు, మంచి ఆకు 8 కిలోలు 1,520. మొత్తం 2,160.

మంచి ఆకులో 300 గ్రాములు మగ్గబెట్టకుండా పక్కన పెట్టాను. చివర్లో పోల్చి చూడ్డానికి అది లేకపోతే ఈ పనికి అర్థమే లేదు. మీరు ఏది మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు.

దశ 2: మండె (ఏప్రిల్ 6 – 26)

అడుగాకు, నడిమాకు, కొసాకు వేరు చేసి, నీళ్లు చిలకరించి, ఆకు విరక్కుండా మెత్తగా వంగే పదునుకి తెచ్చాను. 7.7 కిలోలు. తడి గోనె పరిచి, ఈనెలన్నీ బయటి వైపు, కొసలు లోపలి వైపు ఉండేలా పేర్చి, పైన గోనె కప్పి, బండరాయి పెట్టాను. మధ్యలోకి తీగ ఉన్న థర్మామీటర్ దూర్చాను.

లోపలి వేడి (బయట నీడలో మధ్యాహ్నం 36 నుంచి 39):

2వ రోజు 35 డిగ్రీలు
5వ రోజు 37
8వ రోజు 38.5
11వ రోజు 37
14వ రోజు 36

మండె అన్నది 45 దాటాలి. నాది ఊరి ఎండతో పాటు ఊగింది తప్ప సొంతంగా వేడెక్కలేదు. తడి చాలలేదేమోనని 11వ రోజున మళ్లీ నీళ్లు చిలకరించాను. అదే పెద్ద పొరపాటు. 16వ రోజు తిరగేస్తుంటే అడుగు వరసల్లో ఈనె పొడుగునా తెల్లగా దూది పట్టినట్టు బూజు. వేలితో తుడిస్తే పోతుంది, కింద ఆకుపచ్చ మరక ఉండిపోతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మూసేసిన వంటిల్లు వాసన.

మా ఎదురు లంకలో చుట్టలు చుట్టే తాత ఒకాయన ఉన్నారు. 70 దాటింది, చెయ్యి ఇంకా వణకలేదు. పడవెక్కి వెళ్లి చూపించాను.

"ఎన్ని కేజీలేశావు బాబూ?"

"ఎనిమిది లోపు తాతా."

"ఎనిమిది కేజీల్ని మండె అనరు, కట్ట అంటారు. రొమ్మెత్తు పేర్చితే గదా లోపల ఉడుకు పుట్టేది. నువ్వేసింది బయట గాలికే చల్లారిపోద్ది."

ఆయన చెప్పినదాంట్లోనే కారణమంతా ఉంది. ఆకు తన వేడి తాను పుట్టించుకుంటుంది గానీ, కుప్ప చిన్నదైతే పుట్టిన వేడి కన్నా అంచుల్లోంచి పోయేది ఎక్కువ. నికరాగువాలో వేసే కుప్పల్లో వందల, వేల కిలోల ఆకు ఉంటుంది, బరువుకి లోపల అదే ఉడుకుతుంది. ఇంట్లో పది కిలోలతో ఆ పద్ధతి నడవదు. ఎవరైనా నడుస్తుందని చెప్తే థర్మామీటర్ అంకెలు అడగండి.

రెండో కారణం ఏప్రిల్ 26న తెలిసింది. గోనె కింద తేమ 70 శాతం చూపిస్తోందని ధీమాగా ఉన్నాను. తేమ మీటర్‌నే ఒకసారి చూద్దామని ఉప్పు పరీక్ష చేశాను:

1. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, ముద్దగా అయ్యేంత నీళ్లు పోయాలి. కరిగిపోకూడదు.
2. ఆ మూత, మీటర్ కలిపి జిప్ కవర్లో పెట్టి గాలి పోకుండా మూయాలి.
3. ఒక రోజు ఆగాలి. మీటర్ 75 చూపించాలి.

ఒకే షాపులో ఒకే రోజు కొన్న రెండు మీటర్లలో ఒకటి 69, ఇంకోటి 78 చూపించాయి. నేను మండెలో వాడింది 69 ది. అంటే నేను 70 అనుకున్న చోట నిజంగా ఉన్నది 76. దానిమీద మళ్లీ నీళ్లు చల్లాను. రెండు మీటర్లకీ ప్లాస్టర్ అంటించి +6, –3 అని రాసి పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఈ డైరీలో ఉన్న తేమ అంకెలన్నీ సరిచేసినవే.

బూజు పట్టిన 3.1 కిలోలు పారేశాను. ఎండబెట్టి తుడిచి వాడదామా అని ఒక పూటంతా ఆలోచించాను. నోట్లోకి పోయేది, వద్దనుకున్నాను.

లెక్క: థర్మామీటర్ 220, తేమ మీటర్లు రెండు 360. మొత్తం 2,740. మిగిలిన ఆకు 4.6 కిలోలు.

దశ 3: ఐస్ పెట్టె (మే 12 – జులై 26)

ఆకు సొంతంగా వేడెక్కకపోతే మనమే వేడి ఇవ్వాలి. మా బావ రొయ్యల చెరువు దగ్గర పాత థర్మోకోల్ ఐస్ పెట్టెలు గుట్టగా పడి ఉంటాయి. 60 లీటర్లది ఒకటి తెచ్చాను. బావ వద్దంటున్నా 150 చేతిలో పెట్టాను. కోడిగుడ్లు పొదిగించే పెట్టెలు చేసే కుర్రాడి దగ్గర థర్మోస్టాట్ దొరికింది. గుడ్లకి 37.5 పెడతారు, నాకు 50 కావాలంటే ఆ అబ్బాయి రెండుసార్లు అడిగి నిర్ధారణ చేసుకున్నాడు.

లోపలి అమరిక:

1. అడుగున 60 వాట్ల ఫిలమెంట్ బల్బు, దానిమీద చిల్లులు పొడిచిన పాలపొడి డబ్బా బోర్లించాలి. వెలుతురు ఆకు మీద పడకూడదు.
2. పక్కన వెడల్పు గిన్నెలో నీళ్లు.
3. కంప్యూటర్లో వాడే చిన్న ఫ్యాను, గాలి తిరగడానికి.
4. అడుగు నుంచి ఆరంగుళాల ఎత్తులో వెదురు తడిక, దానిమీద ఆకు. గోడలకి రెండు వేళ్ల ఎడం.
5. థర్మోస్టాట్ తీగ కొస ఆకు మధ్యలో ఉండాలి.

ఐదోది మొదట నేను చేయలేదు. తీగ కొసని గోడకి అంటించాను. గోడ చల్లగా ఉంటుంది కాబట్టి బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంది. జూన్ 10న మొదలుపెడితే జూన్ 12 రాత్రి బల్బు ఒరిగి, డబ్బా గోడకి తగిలి, అరచేయంత మేర థర్మోకోల్ కరిగి ముద్దయింది. ప్లాస్టిక్ కాలిన కంపు. ఆ వైపు ఉన్న 300 గ్రాముల ఆకుకి వాసన పట్టేసింది, తీసేశాను. బల్బుని ఇటుక ముక్కకి తీగతో బిగించి కట్టాక మళ్లీ కదల్లేదు. కరిగిన చోట లోపలి నుంచి అల్యూమినియం రేకు తొడిగాను. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ లేని టైంలో అయితే ఏమయ్యేదో అని చాలా రోజులు టెన్షన్ పట్టుకుంది. పెట్టెని వరండాలోకి మార్చాను, చుట్టూ మూరెడు దూరంలో కాలే వస్తువు ఏదీ లేకుండా. మీరూ ఇంట్లో పెట్టొద్దు.

జూన్ 14 నుంచి మళ్లీ ఒకటో రోజు. వేడి 50 డిగ్రీలు, తేమ 75 శాతం. నాలుగు రోజులకోసారి తీసి, పై ఆకు కిందికి, అంచు ఆకు మధ్యకి మార్చాను. నీళ్లు రోజూ అర గ్లాసు ఇగిరిపోయేవి. 48 దాటిన వేడిలో మాకు బూజు ఒక్క చుక్క కూడా రాలేదు.

మగ్గుతున్న ఆకులోంచి అమ్మోనియా వస్తుంది. అదే గొంతు పట్టించే సరుకులో పెద్ద భాగం. అది ఎప్పుడు పెరిగి ఎప్పుడు తగ్గుతుందో ముక్కుతో చెప్పడం కష్టం, ముక్కు గంటలో అలవాటు పడిపోతుంది. బావ చెరువు నీళ్లలో అమ్మోనియా చూసే కిట్ ఇచ్చాడు. ఒక సాసర్లో కొలిచి 50 మిల్లీలీటర్ల మంచినీళ్లు రాత్రంతా పెట్టెలో ఉంచి, పొద్దున్నే ఆ నీళ్లలో చుక్కలు వేసి రంగు చూడటం. పసుపు అయితే లేదు, పచ్చబడేకొద్దీ ఎక్కువ.

1వ వారం: 0.5
2వ వారం: 3
3వ వారం: కార్డులో ఆఖరి రంగు 5, అది కూడా దాటి ముదురు ఆకుపచ్చ
4వ వారం: 5
5వ వారం: 2
6వ వారం: 0.5

గాల్లో ఎంత ఉందో ఈ అంకెలు చెప్పవు, వారం వారం ఎటు పోతోందో చెప్తాయి. నాకు కావాల్సింది అదే. మూడో వారం పెట్టె మూత తీస్తే కళ్లు నీళ్లు తిరిగాయి, పక్కింటి పిన్నిగారు గొడ్లసావిడి ఎవరు కట్టారని అడిగారు. ఇంకో మూడు వారాలు గడిచాక అదే మూత తీస్తే వాన తడిసిన గడ్డివాము, దాని వెనక తాటిబెల్లం పాకం. ఆ పొద్దున నేను పెట్టె మూత నాలుగుసార్లు తీసి మూశాను.

21వ రోజున 300 గ్రాములు తీసి వేరుగా దాచాను.

జులై మూడో వారంలో గోదావరి పెరిగి ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. 10 లక్షల క్యూసెక్కులు. లంకకి పడవలు ఆపేశారు, తొమ్మిది రోజులు తాత దగ్గరికి వెళ్లలేకపోయాను. గాలివానకి కరెంటు 14 గంటలు పోయింది. పెట్టె 50 నుంచి 34కి దిగింది. ఆ ఒక్క రోజు లెక్కలో వేయలేదు, అందుకే ఆఖరు ఒక రోజు జరిగి జులై 26కి వెళ్లింది. కరెంటు పోతే ఒక్కసారి మూత తీసి నీళ్ల గిన్నె బయట పెట్టేయండి, ఆ తర్వాత మూత తీయకండి. చల్లారిన పెట్టెలో తేమ ఆకు మీద చెమటలా పడుతుంది.

లెక్క: పెట్టె 150, థర్మోస్టాట్ 280, బల్బు, హోల్డర్ 90, ఫ్యాను 120, కరెంటు సుమారు 25 యూనిట్లు 150. మొత్తం 3,530. పెట్టెలోంచి వచ్చిన ఆకు, మొదటి పదునుకే తెచ్చి తూస్తే, 3.6 కిలోలు. 400 గ్రాములు మగ్గుడులో తరిగిపోయింది.

ఆగస్టు నెలంతా ఆకుని గోనెలో చుట్టి అటక మీద పెట్టాను. మధ్యలో ఒకసారి విప్పితే మూడు ఆకుల్లో సూది మొనంత చిల్లులు. పొగాకు పురుగు, ఆవగింజ కన్నా కాస్త పెద్దది, గోధుమ రంగు. అంతా రెండు జిప్ కవర్లలో మూసి, నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్లో, ఒక రోజు కింద ఫ్రిజ్‌లో, తర్వాత బయట. ఒక్కసారిగా బయటికి తీస్తే ఆకు తడిసి చీలుతుంది. తర్వాత చిల్లు కనపడలేదు.

దశ 4: చుట్టడం (సెప్టెంబర్)

ఈనెలు తీసేశాక 2.7 కిలోలు. కొలత ముందే అనుకున్నాను: అయిదంగుళాల పొడవు, 50 రింగు. రింగు అంటే అంగుళంలో 64వ వంతు, 50 అంటే 19.8 మిల్లీమీటర్ల అడ్డుకొలత, దారం చుట్టి కొలిస్తే 62 మిల్లీమీటర్లు. దుబాయ్ నుంచి చిన్నాన్న కొడుకు తెచ్చిన నికరాగువా సిగార్ల కొలత అది. చేత్తో చుట్టినవే, చవక రకమే, ఒక్కోటి 350 రూపాయల చిల్లర పడింది. దాంతో పోల్చాలంటే సైజు ఒకటే ఉండాలి.

తాత చేతిలో పని చూడాలి. అడుగాకు, నడిమాకు, కొసాకు ఒక్కోటి తీసుకుని, నలపకుండా, విసనకర్ర మడతల్లా మడుస్తారు. మడతల మధ్య దారి ఉంటేనే పొగ నడుస్తుంది. కొసాకు ఎప్పుడూ మధ్యలో, ఎందుకంటే అది నెమ్మదిగా కాలుతుంది. పై ఆకుని తొడ మీద పరిచి, ఎడమచేత్తో లాగి పట్టుకుని, కుడి అరచేత్తో దొర్లిస్తూ పోతారు. ఆకు ఆయన చెయ్యి కింద చప్పుడు చేయదు. నా చెయ్యి కింద ప్రతిసారీ చర్రుమని చీలింది.

మొదటి విడత 8. నేను చుట్టాను. ఒక్కోటి 17 గ్రాములు. రాయిలా ఉన్నాయి, బుగ్గలు నొప్పి పుట్టేలా లాగినా పొగ రాలేదు. విప్పేసి ఆకు మళ్లీ వాడాను.

రెండో విడత 8. ఒక్కోటి 11 గ్రాములు. ఈసారి గాలి ఎక్కువై మధ్యలో సొరంగంలా కాలి, పై ఆకు అలాగే నిలబడింది. పొగ వేడి. పారేశాను.

మూడో విడత 12. తాత చుట్టారు, నేను తూచాను. 13 నుంచి 14 గ్రాములు, అన్నీ. ఆయన ఎప్పుడూ తూకం వేయలేదు.

లోపలి ఆకు చుట్టాక ముప్పావు అంగుళం పీవీసీ పైపుని నిలువునా రెండుగా కోసి, ఆ రెండు డొప్పల మధ్య పెట్టి రబ్బరు బ్యాండు వేసి రాత్రంతా ఉంచితే గుండ్రంగా కుదురుతుంది. గంటకోసారి పావువంతు తిప్పాలి, లేకపోతే డొప్పల కీలు దగ్గర గీత పడుతుంది. కొసకి మైదా జిగురు, బఠాణీ గింజంత చాలు. పోల్చడానికి మగ్గబెట్టని ఆకుతో 6, 21 రోజుల ఆకుతో 6 అదే కొలతకి చుట్టించాను.

ఆరబెట్టడం కూడా ఒకసారి తప్పింది. ఉప్పు ముద్ద 75 తేమ ఇస్తుంది కదా అని డబ్బాలో అదే పెట్టాను. పది రోజులకి రెండు చుట్టలు ఉబ్బి పై ఆకు నెర్రెలిచ్చింది. 65 శాతం దగ్గర నిలబెట్టే ప్యాకెట్లు రెండు కొని, గాలి చొరని డబ్బాలో ఆరు వారాలు ఉంచాను. వానాకాలం మన గాలిలో తేమ 80 దాటుతుంది, చుట్టని బయట వదిలేస్తే ఆరదు.

లెక్క: పైపు, బ్లేడు 100, ప్యాకెట్లు 420, డబ్బా 200, తాతకి కూలి 600. మొత్తం 4,850.

దశ 5: రుచి చూడటం (నవంబర్)

నాలుగు రకాలు. మగ్గబెట్టనిది, 21 రోజులది, 42 రోజులది, నికరాగువాది. వారానికి ఒకటి, భోజనం అయిన గంటకి, కాలవ గట్టు మీద మా పాక ముందు. బావ దేనికి ఏ రంగు దారం కట్టాడో నాకు తెలియదు. చుట్టిన తీరు చూస్తే తెలిసిపోతుందని కళ్లకి తువ్వాలు కట్టి, ఆయనే అంటించి ఇచ్చేవాడు. నేను చెప్పింది ఆయన రాసేవాడు.

ఎలా కాల్చాలంటే:

1. అంటించకముందే ఒకసారి గాలి లాగి చూడాలి. ఆకు రుచి అప్పుడే సగం తెలుస్తుంది.
2. మంట తగలనీయకుండా, కొస ఎర్రబడేదాకా దూరం నుంచి కాచాలి.
3. నిమిషానికి ఒక్క దమ్ము. గడియారం చూసి. తొందరపడితే ఏ ఆకైనా చేదే.
4. లోపలికి పీల్చకూడదు. నోట్లో తిప్పి వదలాలి. ఆ వదిలేటప్పుడు కాస్త ముక్కులోంచి పోనిస్తే వాసనలు విడివిడిగా అందుతాయి.
5. తల తిరిగితే ఆపేసి బెల్లం ముక్క, నీళ్లు.

మూడోది నేను గట్టిగా పాటించడానికి కారణం ఉంది. మా అమ్మమ్మ శ్రీకాకుళం వైపు ఆవిడ. అడ్డపొగ తాగేది, అంటే నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని. అంగిట్లో పుండు పడింది, అది మానలేదు, అదే తీసుకుపోయింది. వేడి పొగ అంగిలికి ఏం చేస్తుందో మా ఇంట్లో తెలుసు. పొగ వెచ్చగా తగిలిందంటే నేను పక్కన పెట్టేస్తాను, చుట్ట ఎంత బాగున్నా.

బావ రాసిన కాగితం నుంచి:

ఎర్ర దారం. 36 నిమిషాలు. మూడుసార్లు ఆరింది. మొదటి దమ్ముకే గొంతులో గీరుడు, ముక్కులో మంట. పచ్చి గడ్డి కాలిన వాసన. 15వ నిమిషంలో బెల్లం అడిగాడు. సగంలో ఆపాడు. (మగ్గబెట్టనిది. పై 36 సగానికే.)

తెల్ల దారం. 47 నిమిషాలు. ఒకసారి ఆరింది. గీరుడు తగ్గింది, ముక్కు దగ్గర అమ్మోనియా ఉంది. వేయించిన వేరుశెనగ పొట్టు. మధ్యలో బాగుంది, చివర చేదు. (21 రోజులది. అమ్మోనియా ఎక్కువగా ఉన్నప్పుడు తీసిన ఆకు కదా.)

పచ్చ దారం. 58 నిమిషాలు. ఆరలేదు. మిరియం, కాఫీ గింజ, దేవదారు చెక్క. బూడిద అంగుళంన్నర నిలిచింది. మొదటి నుంచి చివరికి పెద్ద మార్పు లేదు. (నికరాగువాది.)

నల్ల దారం. 54 నిమిషాలు. ఆరలేదు. బూడిద అంగుళం, కాస్త నలుపు. గాలి లాగితే ఎండు ఖర్జూరం. మొదటి మూడో వంతు కాల్చిన తేగ, అచ్చం నిప్పుల్లోంచి తీసి పొట్టు ఒలిచినప్పటి వాసన. రెండో వంతులో కొబ్బరి చిప్ప పొగ, తాటిబెల్లం. ఆఖరి వంతులో చేదు, తల బరువు. (42 రోజులది.)

తేగ అన్నప్పుడు తువ్వాలు కింద నాకు తెలిసిపోయింది. నికరాగువా ఆకులో తేగ వాసన ఎక్కడి నుంచి వస్తుంది? పరీక్ష అక్కడ చెడిందని బావ కాగితం మీద రాశాడు, అది నిజమే. ఆ అంకెలు ఉంచండి, మాటల్ని కాస్త తగ్గించి చదువుకోండి.

నికరాగువాది మనదాని కన్నా బాగా కాలుతుంది, సాఫీగా ఉంటుంది, ఒప్పుకోవాలి. మన ఆకులో మలుపులు ఎక్కువ. మగ్గబెట్టనిదానికీ 42 రోజులదానికీ ఉన్న తేడా మాత్రం ఒకే లంక, ఒకే కోత, ఒకే పాక నుంచి వచ్చిన ఆకు అంటే నమ్మలేనంత ఉంది.

దశ 6: ఆఖరి మూడో వంతు చేదు (డిసెంబర్ – జనవరి)

చేదుకి మూడు కారణాలు అనుకున్నాను. తొందరగా కాల్చడం, తడి, కొసాకు. మొదటిది గడియారంతో చూసుకున్నదే. రెండోదానికి ఒక చుట్టని 65 డబ్బాలోంచి తీసి రెండు రోజులు పొడి డబ్బాలో ఉంచి కాల్చాను. చేదు అలాగే ఉంది, పైగా పొగ వేడెక్కింది. మూడోదానికి కొసాకు విడిగా చిన్న చుట్ట చేసి కాల్చాను. రెండు దమ్ములకే అదే చేదు. దళసరి ఆకు, ఎండంతా దానిమీదే పడుతుంది, నికోటిన్ దాంట్లోనే ఎక్కువ. అడుగాకుకి సరిపోయిన 42 రోజులు దానికి చాల్లేదు.

తాతకి చెప్తే, "కొసాకు సగం చెయ్యి, నడిమాకు ఒకటిన్నర పెట్టు. ఆయ్, అంతే" అన్నారు. నాలుగో విడత 28 అలా చుట్టించాను. జనవరి 11న మొదటిది కాల్చాను. 52 నిమిషాలు, ఆఖరి అంగుళం దాకా తీపి నిలబడింది. తల బరువు లేదు. తేగ కాస్త పలచబడింది, అది బాధగానే ఉంది.

ఒకటి తాతకి ఇచ్చాను. పాక అరుగు మీద కూర్చుని మాట్లాడకుండా సగం కాల్చి, ఆర్పి, చెవి మీద పెట్టుకున్నారు. మిగతా సగం సాయంత్రానికట. ఆ పెట్టె తన ఇంటికి తెచ్చి చూపించమన్నారు. లంకలో కరెంటు రాత్రి ఎన్నిసార్లు పోతుందో ముందు రాసి పెట్టమని చెప్పి వచ్చాను.

జనవరి 19 నాటికి:

ఖర్చు 4,850 రూపాయలు.
42 రోజుల ఆకుతో నిలబడిన చుట్టలు 40, అంటే ఒక్కోటి 121. మిగిలిన 2 కిలోల ఆకూ చుడితే పాతిక దరిదాపుల్లోకి వస్తుంది.
పారేసిన ఆకు: ఉప్పుది 4 కిలోలు, బూజుది 3.1, కరిగిన పెట్టెలోది 0.3.
డబ్బాలో ఉన్నవి 31.

మిగిలిన ఆకులో కొసాకు మాత్రం వేరుచేసి 900 గ్రాములు నిన్న మళ్లీ పెట్టెలో పెట్టాను, ఇంకో 30 రోజులకి. ఈ పొద్దున 6 గంటలకి 50.2 డిగ్రీలు, తేమ 74. సాసర్ నీళ్లు లేత పసుపు, ఇంకా ఏమీ లేదు.